కూలగొట్టే ముందు కప్పు ఎక్కి చూడండి

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా జగిత్యాలలో జరిగిన సభలో ఒక విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది సర్కారు దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పుతో ఖాయమైంది. కరువు భత్యం గురించి, హెల్త్ కార్డుల గురించి నా ముందు మాట్లాడిన మిత్రులు విపులంగా చెప్పినారు. నేను వాటి జోలికి పోను. కార్యదర్శి గారు నన్ను "మీరు బిల్డింగులు కట్టిన మనిషి, బిల్డింగుల గురించే చెప్పండి" అన్నారు. భోజనాలకు ఇంకా సమయమున్నది కనుక కొంచెం వివరంగానే చెబుతాను. నిద్ర వచ్చినవారు మొహమాటపడకండి, నేను కూడా చాలా సభలలో నిద్రపోయినవాడినే.

మా మనుమడు హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు. మొన్న దసరాకు వచ్చినప్పుడు "తాతా, మాకు సస్టెయినబుల్ ఆర్కిటెక్చర్ అని ఒక సబ్జెక్టు ఉంది" అన్నాడు. అంటే ఏమిట్రా అని అడిగాను. ఉన్న వనరులను పాడు చేయకుండా, కరెంటు ఎక్కువ కాల్చకుండా, రేపటి వారికి ఇబ్బంది కలగకుండా కట్టడం, ఉన్న కట్టడాలను కూల్చకుండా కొత్త పనికి పనికొచ్చేటట్లు చేయడం అని చెప్పాడు. అది విన్న తరువాత ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

నేను 2008లో రిటైరైనాను. అంతకు ముందు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కలే ఎక్కువ సర్వీసు చేశాను. 1989లో, ఊరి పేరు, ఆఫీసు పేరు చెప్పను, ఒక పాత సర్కారు కచేరీ భవనాన్ని పరిశీలించి రిపోర్టు ఇవ్వమని నాకు కాగితం వచ్చింది. నిజాం కాలపు కట్టడం. మూడడుగుల మందం గోడలు, డంగు సున్నంతో కట్టిన ఇటుక కమాన్లు, టేకు దూలాలు, ముందర పొడుగాటి వరండా. వానాకాలంలో రెండు అర్రలలో కారుతున్నదని, ఫైళ్ళు తడుస్తున్నాయని ఫిర్యాదు. నేను పోయి కింద నిలబడి చూశాను. గోడ మీద నాచు, ఒక మూల పెచ్చులూడిన గిలాబు. నిచ్చెన తెప్పించమన్నాను, దొరకలేదన్నారు. అప్పటికే మధ్యాహ్నం రెండయింది, కరీంనగర్ బస్సు మూడింటికి. కప్పు ఎక్కకుండానే "భవనము శిథిలావస్థలో ఉన్నది, మరమ్మతులకు ఖర్చు చేయుట లాభసాటి కాదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ ఒక్క వాక్యం మీద మిగతా ఫైలంతా నడిచింది.

మరుసటి సంవత్సరం కూలగొట్టడం మొదలైంది. పది రోజులలో అయిపోతుందని కాంట్రాక్టరు అన్నాడు. నెలన్నర పట్టింది. గడ్డపారలు వంగినవి. ఇటుక విరిగింది కానీ సున్నం ఊడలేదు. అక్కడ పనిచేస్తున్న ఒక ముసలి సుతారి, ఎప్పుడో తన తండ్రి గానుగ తిప్పిన రోజులు చూసినవాడు, నన్ను పైకి పిలిచి చూపించాడు. వర్షపు నీళ్ళు పోయే తూములు మూడింటిలో రెండు మట్టితో, ఆకులతో మూసుకుపోయినవి. పిట్టగోడలో రావి మొలిచి వేళ్ళు కప్పులోకి దిగినవి. దాని మీద ఎవరో సిమెంటు పూసినారు, ఆ సిమెంటు పగిలి నీళ్ళన్నీ అందులో నుండే దిగుతున్నవి. "సారూ, ఇది కూలేటి ఇల్లు గాదు. తూములు సాపు జేసి, చెట్టు పీకి, ఇంత సున్నం బెడితే ఇంకో వందేండ్లు నిలబడు. మీరు ఒక్కపారి పైకెక్కి సూడకపోతిరి" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

దాని జాగాలో కొత్త భవనం కట్టించింది కూడా నేనే. ఎం బుక్‌లో కొలతలు నా చేతి రాతతోనే ఉంటవి. కాంక్రీటు స్లాబు, తొమ్మిది అంగుళాల గోడలు, ఇనుప కిటికీలు. మే నెలలో మధ్యాహ్నం పూట గుమాస్తాలు బయట వేపచెట్టు కింద బల్లలు వేసుకునేవారు. ఇరవై ఏళ్ళు తిరగకముందే స్లాబు కింద పెచ్చులూడి సలాకలు తుప్పు పట్టి కనబడినవి. సలాకల కింద కాంక్రీటు మందం చాలినంత లేకపోతే తేమ లోపలికి పోయి ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బితే కాంక్రీటును బయటికి నెడుతుంది. ఇది మనలో ఇంజనీరింగు పని చేసినవారందరికీ తెలిసిందే. పోయిన సంవత్సరం ఆ భవనం కూడా కూల్చవలసిన వాటి పట్టీలోకి వచ్చిందని విన్నాను. పాతది మూడు తరాలు పనిచేసింది. నేను కట్టించినది ఒక ఉద్యోగి సర్వీసంత కాలం కూడా సరిగా పనిచేయలేదు. అప్పటి వేలంలో టేకు దూలాలు కొన్న ఆసామి వాటితో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటికి ఒకసారి పెళ్ళి భోజనానికి పోయినాను. తల ఎత్తి చూస్తే అవే దూలాలు, ఒక్క పగులు లేదు. ఆ పూట అన్నం సహించలేదు.

ఇక్కడ డంగు సున్నం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు ఆ మాట వినలేదు. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. కాలిన రాయిని నీళ్ళలో వేస్తే సలసల మరిగి పొడి అవుతుంది. దాన్ని గుంటలో నానబెట్టి, ఇసుక కలిపి, ఎడ్లు కట్టిన గానుగలో రాతి చక్రంతో వెన్నలాగా నూరేవారు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నానిన నీళ్ళు కలిపేవారు. పని నెమ్మది. గోడలో పెట్టిన తరువాత సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మళ్ళీ రాయి అవుతుంది. ఎంత కాలం పోతే అంత గట్టిపడేది అందుకే. గోడలోకి చేరిన తేమను బయటికి పోనిస్తుంది, సన్నని పగులు వస్తే తనంతట తానే కొంత పూడ్చుకుంటుంది.

సిమెంటుకు బట్టీ వేడి 1450 డిగ్రీల దాకా కావాలి. ప్రపంచంలో మనుషుల పనుల వల్ల విడుదలయ్యే బొగ్గుపులుసు వాయువులో దాదాపు 8 శాతం సిమెంటు తయారీ నుండే వస్తున్నదని లెక్కలు చెబుతున్నవి. సిమెంటును తిట్టడం నా ఉద్దేశం కాదు. శ్రీరాంసాగర్ ఆనకట్ట సున్నంతో కడతామా? దేని పని దానిది. కానీ సున్నపు గోడ మీద సిమెంటు గిలాబు చేస్తే లోపలి తేమ బయటికి రాలేక గోడలోనే తిరుగుతుంది, ఉప్పు పేరుకుంటుంది, చివరికి లోపలి ఇటుక పిండి అవుతుంది. మంచి చేద్దామని చేసిన మరమ్మతే చంపుతుంది. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013 నుండి ఆగాఖాన్ సంస్థ వారు పురావస్తు శాఖతో కలిసి పనిచేసినారు, 2024 జూలైలో పూర్తి చేసి అప్పగించినారు. అక్కడ ముందుగా చేసిన పెద్ద పని, గత శతాబ్దంలో మరమ్మతు పేరిట పూసిన సిమెంటును గీకి తీసివేసి మళ్ళీ సున్నం పెట్టడం. పోయి చూసినవారికి తెలుస్తుంది. గానుగలో సున్నం నూరే పనిని కూడా మళ్ళీ మొదలుపెట్టినారు. మనం పనికిరాదని వదిలిపెట్టిన విద్య అక్కడ కూలి తెచ్చే విద్య అయింది.

ఇక మన ఊళ్ళ సంగతికి వస్తాను. ముందు జగిత్యాల, ఎందుకంటే భోజనం పెట్టేది వీళ్ళే.

మన ఖిల్లా 1747 ప్రాంతంలో జఫరుద్దౌలా ఇబ్రహీం ఖాన్ ధంసా కాలంలో కట్టినది. నక్షత్రం ఆకారం, చుట్టూ అగడ్త. ఫ్రెంచి ఇంజనీర్లు జాక్, తాల్ అనేవారు కట్టినారు కాబట్టి జగిత్యాల అయిందని చిన్నప్పుడు మా పంతులు చెప్పేవారు. కాదు, పొలవాస జగ్గదేవుడి పేరు మీద వచ్చిందని మరికొందరి వాదన. ఆ తగాదా నాకు వద్దు. ఇంజనీరుగా నేను చూసేది కొసలు తేలిన ఆ బురుజులు. ఏ గోడ దగ్గరికి శత్రువు వచ్చినా పక్క బురుజు మీది ఫిరంగికి దొరికిపోతాడు. ఎవరో కాగితం మీద కోణాలు గీసి, కొలతలు వేసి కట్టినారు. అటువంటి కోట మన తెలంగాణలో అరుదు. మనం జెండా పండుగలకు పోయి, మిఠాయి తిని, ఇంటికి వచ్చాము. గోడల మీద మొలిచే రావి మొక్కను ఎవరూ పీకలేదు. రావి మొక్క చిన్నగా ఉన్నప్పుడు వేలితో పీకవచ్చు. అయిదేళ్ళు ఊరుకుంటే దానికి గొడ్డలి కావాలి, పదేళ్ళు పోతే ఆ గోడ తీసి మళ్ళీ కట్టాలి.

ఖిల్లా సంగతి సర్కారు చూసుకుంటుందనుకుందాం. టవర్ చుట్టూ ఉన్న పాత బజారును ఎవరు చూస్తారు? కింద దుకాణం, పైన నివాసం, ముందర కట్టె స్తంభాల వసారా, లోపల నడుమ ఆకాశం కనబడే వాకిలి. బేరం చేసేవాడు ఎండకు, వానకు వసారా కిందనే నిలబడేవాడు. వేడి గాలి నడిమి వాకిలి గుండా పైకి పోయి, వీధి వైపు నుండి చల్ల గాలి లోపలికి వచ్చేది. ఇప్పుడు అవి ఒక్కొక్కటే పోయి షట్టర్లు వస్తున్నవి, షట్టర్ల పైన అద్దాలు వస్తున్నవి. మన ఎండలో పడమటి ముఖానికి అద్దం పెట్టిన దుకాణానికి పొద్దంతా ఏసీ నడవకపోతే లోపల మనిషి కూర్చోలేడు. ఆ కరెంటు బిల్లు కిరాయిలో కలుస్తుంది, కిరాయి బట్ట ధరలో కలుస్తుంది. యావర్ రోడ్డు వెడల్పు సంగతి ఎన్నేళ్ళ నుండి నానుతున్నదో మీకు తెలుసు. రోడ్డు వెడల్పు అవసరం లేదని నేననను. కానీ ముఖం తెగిన ఇంటి వెనుక భాగం గట్టిగా ఉంటే దాన్ని ఉంచి కొత్త ముఖం కట్టుకోవచ్చు. ఎవరూ ఆ ఎస్టిమేటు వేయించరు. తెగిందంటే మొత్తం తీసేయాలనే ఆలోచనే వస్తుంది.

అది జరిగే పని కాదు సారూ, వ్యాపారస్తుడు ఒప్పుకోడు అంటారేమో. హైదరాబాద్‌లో మొజ్జంజాహీ మార్కెట్ చూసినవారు చేతులెత్తండి. ఎక్కువమందే ఉన్నారు. మనమంతా సెక్రటేరియట్ పనికి పోయినప్పుడు అక్కడ పండ్లు కొన్నవాళ్ళమే, ఐస్‌క్రీం తిన్నవాళ్ళమే. 1935లో నల్ల రాతితో కట్టినది, నిజాం రెండవ కుమారుడి పేరు పెట్టినారు. తరువాత దాని మీద రేకులు వేసినారు, గోడలకు రంగులు కొట్టినారు, గడియారం ఆగిపోయింది, గోపురం మీద చెట్లు మొలిచినవి. 2018లో పని మొదలుపెట్టి, అడ్డదిడ్డంగా కట్టినవన్నీ తీసివేసి, రాయి కడిగి, కప్పుల కారుడు మాన్పి, 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచినారు. నాకు నచ్చిన విషయం ఏమిటంటే, దాన్ని బొమ్మల కొలువు చేయలేదు. అది మార్కెట్టుగానే ఉన్నది, అక్కడ బేరాలు సాగుతున్నవి. వ్యాపారం నడిచే కట్టడానికి రోజూ తలుపు తీసేవాడు, చిమ్మేవాడు, కారితే అరిచేవాడు ఉంటాడు. తాళం వేసి కాపాడే కట్టడానికి గబ్బిలాలే దిక్కు.

మనకు ఇంకా దగ్గరిది కామారెడ్డి దగ్గరి దోమకొండ కోట. సిరిసిల్ల వారికి ఎంత దూరం? అక్కడ కోట వారసులే పూనుకొని ఓపికగా బాగు చేయించుకున్నారు. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాలలో దానికి గుర్తింపు వచ్చింది. అదే సంవత్సరం గోల్కొండ మెట్లబావులకు కూడా వచ్చింది.

మెట్లబావి అన్నాను కాబట్టి కోరుట్ల గురించి చెబుతాను. కోరుట్ల మిత్రులు తమ ఊరి పాత బావులు, గూన ఇండ్లు గుర్తు చేసుకోండి. గూన పెంకల కింద మట్టి, మట్టి కింద కట్టె పలకలు. మండే ఎండాకాలంలో కూడా లోపల కూర్చొని బీడీలు చుట్టుకున్న తల్లులు మీ ఇండ్లలోనే ఉన్నారు. రేకుల ఇంట్లో ఆ పని ఎట్లా ఉంటుందో వారినే అడగండి. బావి సంగతి ఏమంటే, సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో ఒక పాత మెట్లబావి చెత్తకుప్ప అయిపోయి, అక్కడ బావి ఉన్నదనే మాటే మరిచిపోయినారు. లారీలకు లారీలు చెత్త తీసి, మెట్లు బయటపెట్టి, 2022 డిసెంబరులో ప్రారంభించినారు. తీసినప్పుడు అడుగున ఊట ఇంకా ఉన్నది. ప్రజలు సాయంత్రం పూట పోయి కూర్చుంటున్నారు. మన ఊళ్ళలో కొత్త ఇల్లు కట్టుకునేటప్పుడు మొట్టమొదట పూడ్చేది వాకిట్లోని బావిని. తరువాత ఆ మట్టి మీదనే నిలబడి బోరు వేయిస్తాం.

కోరుట్ల అంటే గల్ఫ్ కూడా చెప్పుకోవాలి. ఈ మూడు ఊళ్ళ చుట్టూ పల్లెల నుండి దుబాయి, మస్కట్ పోని ఇల్లు లేదు. మీ కొడుకులు, అల్లుళ్ళు ఎడారిలో చెమటోడ్చి పంపిన పైసలతోనే మన బజార్లలో ఈ అద్దాల మేడలు లేస్తున్నవి. వారిని తప్పుపట్టను. దుబాయి అంటే వారు చూసింది అద్దాల మేడలే. కానీ అదే దుబాయిలో, మన వాళ్ళు కలుసుకునే బర్ దుబాయి పక్కనే, అల్ ఫహీదీ అనే పాత పేట ఉన్నది. పగడపు రాయితో, జిప్సంతో కట్టిన ఇండ్లు. చాలా ఇండ్ల మీద నాలుగు వైపులా తెరిచిన గాలి గోపురం. పైన వీచే గాలిని పట్టి కింద గదిలోకి దింపుతుంది, కరెంటు లేని రోజుల ఏసీ అన్నమాట. 1980 దశకంలో అందులో సగం కూల్చివేసినారు, మిగతాది కూడా కూల్చాలని తీర్మానించినారు. అక్కడ నివసించే ఒక బ్రిటిష్ ఆర్కిటెక్టు పట్టుబట్టి ఉత్తరాలు రాసినాడు. అప్పటి యువరాజు, ఇప్పటి బ్రిటన్ రాజు చార్లెస్ 1989లో వచ్చి చూసి, ఉంచమని చెప్పినాడు. కూల్చడం ఆగింది. ఇప్పుడు అవే ఇండ్లలో చాయ్ దుకాణాలు, బొమ్మల గ్యాలరీలు, వసతి గృహాలు నడుస్తున్నవి, టూరిస్టులు పోయి ఫొటోలు దిగుతున్నారు. 1989 అన్నాను. సరిగ్గా అదే సంవత్సరం ఇక్కడ నేను నిచ్చెన దొరకలేదని సంతకం పెట్టినాను.

సిరిసిల్ల సంగతి వేరు. అక్కడ పాత భవంతుల కంటే పెద్ద ప్రశ్న కార్ఖానాలది. సాంచాల చప్పుడు వినకుండా సిరిసిల్ల గల్లీలో ఎవరూ నడవలేదు. ఇంటి ముందర నివాసం, వెనుక రేకుల షెడ్డులో నాలుగో ఎనిమిదో సాంచాలు. నేను అక్కడ పనిచేసినప్పుడు ఒక ఆసామి దగ్గర కిరాయికి ఉన్నాను. ఏప్రిల్ నెలలో షెడ్డులోకి పోతే మంగలం మీద అడుగు పెట్టినట్లు ఉండేది. దారం తెగుతుందని ఫ్యాను వేయరు, చెవిలో పత్తి పెట్టుకొని పన్నెండు గంటలు నిలబడేవారు. చీరల ఆర్డర్లు వచ్చిన సంవత్సరం సాంచాలు నడుస్తవి, రాని సంవత్సరం ఆగుతవి. 2017లో బతుకమ్మ చీరలతో కొన్నేళ్ళు ఊపు వచ్చింది. ఆర్డర్ ఉన్నా లేకున్నా, రేకుల వేడి మాత్రం ఏటా వస్తుంది.

సస్టెయినబుల్ అని మా మనుమడు అన్న మాటకు సిరిసిల్లలో అర్థం చాలా మామూలుగా ఉంటుంది. రేకుల మీద ఎండాకాలం ముందర తెల్ల సున్నం కొట్టడం. కింద గడ్డి తడకో, పలకో కట్టి రేకుకూ తలకూ నడుమ గాలి సందు ఉంచడం. కప్పును ఒకే వాలుగా కాకుండా ఉత్తరం వైపు నిలువు కిటికీలు వచ్చేటట్లు మెట్లు మెట్లుగా కట్టడం. పాత బట్టల మిల్లులన్నీ అట్లనే కట్టేవారు. ఉత్తరపు వెలుతురులో ఎండ లోపల పడదు, నేతకు కావలసిన వెలుతురు పడుతుంది, లైట్లు వేయనక్కరలేదు. 2023 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ఒకటి 2028 వరకని ప్రకటించింది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు చల్లని కప్పు ఉండాలని అందులో రాసినారు. కాగితం బాగుంది. ఆ ముచ్చట సాంచాల షెడ్డు దాకా తీసుకుపోవలసింది మనలాంటి వాళ్ళమే. ఒక బస్తా సున్నం, ఒక చీపురు కుంచె, ఇద్దరు మనుషులు, ఒక పూట పని.

సిరిసిల్లలో ఇంకొకటి. 2021 సెప్టెంబరులో వానలకు ఊళ్ళోకి నీళ్ళు వచ్చి బజార్లలో పడవలు నడిచే పరిస్థితి వచ్చింది. మీలో కొందరి ఇండ్లలో నడుము లోతు నిలిచింది. పాతవాళ్ళు ఇంటి ముందర అంత ఎత్తు అరుగు ఎందుకు కట్టినారో ఆ రోజు తెలిసింది. పాత దుకాణం ఎత్తు నాలుగు మెట్లు ఉంటే, కొత్తది బండి లోపలికి రావాలని రోడ్డుకు సమానంగా కట్టినాం. రోడ్డు మీద ఏటా ఒక పొర వేస్తూ పోతే రోడ్డే దుకాణం కంటే పైకి వచ్చింది. చెరువు నుండి చెరువుకు పోయే కాలువను మడిగెల కింద కప్పినాం. ఒక్క భవనాన్ని ఎంత గొప్పగా బాగుచేసినా దాని వెనుక నాలా మూసేస్తే అంతా వృథా.

ఇప్పుడు నాకు ఎదురు చెప్పేవారి తరఫున కూడా నేనే మాట్లాడాలి, లేకుంటే న్యాయం కాదు. పాత ఇల్లంటే మోకాళ్ళ నొప్పులవారికి కష్టం. కడప ఎత్తు, మెట్లు నిటారు, మరుగుదొడ్డి పెరట్లో ఎక్కడో. మా శ్రీమతి మా పాత ఇంటి గురించి "మీరు మెచ్చుకోండి, ఊడ్చేది నేను" అంటుంది. ఆమె మాట నిజమే. వారసులు పదిమంది, ఒకరు అమెరికా, ఒకరు కరీంనగర్, సంతకాలు కుదరవు. పాత కిరాయిదారు ఖాళీ చేయడు, నెల కిరాయి ఒక సినిమా టికెట్టుకు రాదు. సున్నం పని తెలిసిన సుతారి దొరకడు, దొరికినా సిమెంటు పని కంటే కూలి ఎక్కువ, రోజులు ఎక్కువ. చెదలు తిన్న దూలాన్ని చూసి కూడా ఉంచుదామనేవాడు మనుషుల ప్రాణాలతో ఆడుకుంటున్నట్లే. ఇవన్నీ ఒప్పుకుంటాను. పాతదంతా దాచాలని నేననను. నేను కోరేది ఒక్కటే. మరమ్మతుకు ఒక ఎస్టిమేటు, కొత్తదానికి ఒక ఎస్టిమేటు పక్కపక్కన పెట్టండి. కొత్తదానిలో కూల్చిన కూలి, మట్టి ఎత్తిన లారీ కిరాయి, కట్టే రెండేళ్ళు పోయిన వ్యాపారం, తరువాత ఏటా కరెంటు బిల్లు కూడా రాయండి. నా సర్వీసులో ఈ రెండూ పక్కపక్కన పెట్టిన ఫైలు ఒక్కటి కూడా నేను చూడలేదు, నేను పెట్టనూ లేదు.

చట్టం సంగతి అడుగుతారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది. అవి పెద్ద కట్టడాలు, కోర్టుకు పోయేవారు ఉంటారు. బజారులో మన తాత కట్టిన దుకాణానికి వకీలు ఎవరూ ఉండరు.

చివరగా మన సంఘం భవనం విషయం. మీకు తెలుసు, ఇప్పుడు మనం కూర్చున్న ఈ హాలు గురించే. దీన్ని తీసివేసి ముందర నాలుగు షట్టర్లు, పైన ఫంక్షన్ హాలు కట్టాలని కార్యవర్గంలో ప్రతిపాదన ఉన్నది. కిరాయి వస్తే సంఘానికి ఆసరా అవుతుందనే వారి ఆలోచన మంచిదే. వారు నన్ను రిపోర్టు అడిగినారు. ఈసారి నేను కింద నిలబడి రాయలేదు. పోయిన ఆదివారం నిచ్చెన వేసుకొని కప్పు ఎక్కినాను. నాకు 75 ఏళ్ళు, మా మనుమడు కింద పట్టుకున్నాడు, మా ఇంట్లో తెలిస్తే ఊరుకోరు, ఇప్పుడు మైకులో చెప్పినాను కాబట్టి తెలిసిపోయింది. ఒక తూము మూసుకుపోయింది, దాన్ని అక్కడే తీసినాను. పిట్టగోడలో రెండు రావి మొక్కలు, ఒకటి పీకినాను, ఒకటి రాలేదు. వంద పైచిలుకు పెంకలు పగిలినవి. తూర్పు వైపు రెండవ దూలం మాత్రం కొన దగ్గర మెత్తబడింది. వేలు పెడితే దిగుతున్నది. దానికి పోటు పెట్టించకుండా ఆ కింద కుర్చీలు వేయకూడదు. అందుకే ఈ రోజు ఆ వైపు ఖాళీగా ఉంచినారు, మీరు గమనించే ఉంటారు. గోడలు నాకు గట్టిగా కనబడినవి. ముందరి వరండాను రెండు దుకాణాలుగా కిరాయికి ఇయ్యవచ్చు, గోడ తాకనక్కర లేదు. వెనుక మెట్లు లేకుండా వాలు బాట, ఒక మంచి మరుగుదొడ్డి కావాలి. అది కొత్త పనే.

రెండు ఎస్టిమేట్లు రాసి కార్యదర్శి గారికి ఇచ్చినాను, నోటీసు బోర్డు మీద పెట్టమన్నాను. లెక్కలో తప్పుంటే దిద్దండి. మనలో రిటైరైన ఇంజనీర్లు, ఓవర్సీర్లు తక్కువ లేరు. తీర్మానం వచ్చే సర్వసభ్య సమావేశంలో మీరే చేయాలి, నా ఓటు కూడా అందరిలాగా ఒక్కటే. నిచ్చెన వెనుక వరండాలో ఉన్నది. భోజనాలైన తరువాత చూడదలచినవారు ఎక్కవచ్చు, కానీ ఇద్దరు కింద పట్టుకోవాలి, తూర్పు వైపు పోవద్దు. రక్తపోటు మాత్రలు వేసుకోనివారు అసలే ఎక్కవద్దు.